ఇల్లు చూపించింది ఎవరు?

పోయిన నెల మా అక్క కొడుకు, డిగ్రీ సెకండియర్, సెలవులకని నల్లగొండ మా ఇంటికి వచ్చిండు. రాత్రి ఒంటిగంట దాకా మంచంల బోర్ల పండుకొని ఫోన్‌ల సినిమా చూసి, పొద్దున చాయ్ గ్లాసు పట్టుకొని బయటికొచ్చి "మామా, మన దగ్గర గిట్లయితే మనం ఏ సైడు ఉంటం?" అని అడిగిండు. వాడు చూసింది 2024ల వచ్చిన ‘సివిల్ వార్’. అమెరికా వాళ్లే ముక్కలై ఒకల మీద ఒకలు తుపాకులు పట్టుకునే కథ. నేను నవ్వి, ముందు నీ బ్యాక్‌లాగ్‌ల సంగతి చూస్కోరా అని మాట మార్చిన గనీ ఆ ప్రశ్న మాత్రం నెల రోజుల సంది నా ఎంబడే తిరుగుతున్నది.

ఎందుకంటె ఆరేడేండ్ల సంది నేను చదివేటియే అవి. పని మీద వారానికి రెండుసార్లు ఎల్బీనగర్ పోయొస్త, పోను రాను కలిపి నాలుగు గంటలు బస్సుల, ఆ నాలుగు గంటలు నావి. ఆబిడ్స్‌ల ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాలల్ల నా చెయ్యి పోయేది రెండు రకాల మీదికే. ఒకటి మిల్ట్రీ వాళ్లు రాసుకున్న యాదులు, జనరల్ అయినా సరే సిపాయి అయినా సరే. రెండోది జరగని యుద్ధాల కథలు, అంటే రేపెప్పుడో వచ్చే అంతర్యుద్ధం లేకపోతే వెనకట జరిగినదే ఇంకోరకంగ జరిగి ఉంటే అనే లెక్కలు. మా ఇంటామె "ఇంట్ల పంచాయితీలు సాల్తలేవా" అంటది. సాల్తలేవో ఏమో మరి.

మొదట్ల నా లెక్క సింపుల్. యాదులంటే నిజం, కల్పన అంటే టైంపాస్. ఇప్పుడు ఆ లెక్క తప్పిపోయింది. ఏ పుస్తకం పట్టుకున్నా, అది నిజంగ జరిగిందైనా జరగందైనా, నేను ఒక్కటే వెతుకుతున్న. ఇల్లు చూపించింది ఎవరు? ఊరి బయట జీపు ఆగింది, తుపాకులు దిగినయి, సక్కగ మూడో గల్లీల నాలుగో ఇంటికి పోయినయి, ఆ ఇల్లు ఎవరు చూపిండ్రు? ఆ మనిషి ఉన్న పుస్తకం నాకు అంతర్యుద్ధం పుస్తకం. ఆ మనిషి లేకపోతే అది వట్టి యుద్ధం పుస్తకం, ఎంత మంచిగ రాసినా సరే.

ఈ మాట ఇంత గట్టిగ అనేటందుకు నాకు కారణముంది, అది తర్వాత చెప్త. ముందు నాకు బాగ నచ్చిన జనరల్ సాబు సంగతి.

గ్రాంట్ రాసిన పిటిషన్

యులిసిస్ గ్రాంట్ అమెరికా అంతర్యుద్ధంల ఉత్తరాది సైన్యాన్ని గెలిపించినోడు, తర్వాత రెండుసార్లు ప్రెసిడెంటు. అంతటోడు 1884ల ఒక భాగస్వామి చేసిన మోసంల మునిగి చేతుల పైసా లేని స్థితికొచ్చిండు, ఆ మీద గొంతు క్యాన్సర్. పెండ్లాం పిల్లలకు ఏదన్న మిగలాలని గొంతుకు గుడ్డ చుట్టుకొని కూసొని రాసిన పుస్తకమది. పబ్లిష్ చేసింది మార్క్ ట్వేన్ కంపెనీ. రాసుడు అయిపోయిన కొన్ని రోజులకే, 1885 జూలై 23న సచ్చిపోయిండు. నేను ఆ పుస్తకం సగం పంతంగి టోల్‌గేట్ ట్రాఫిక్‌ల చదివిన. ఆయన వాక్యం ఎట్ల ఉంటదంటే కలెక్టరేట్ ముందర చెట్టు కింద కూసొని పిటిషన్లు రాసే పాతకాలం మనిషి రాసినట్టు ఉంటది, ఒక్క మాట ఎక్కువ ఉండదు, ఏం జరిగింది ఎవరు ఎటు పోయిండ్రు అంతే.

అండ్ల ఒక సంగతి మాత్రం నాకు నోటికొచ్చేసింది. 1861, మిస్సోరి. గ్రాంట్ అప్పుడు కల్నల్, హారిస్ అనే ఎదుటి పార్టీ కల్నల్ మీదికి పోతున్నడు. గుట్ట ఎక్కుతుంటే గుండె పైకి పైకి వచ్చి గొంతుల కూసున్నట్టు అయిందట, వెనక్కి తిరిగి ఇంటికి పోత అని చెప్పే ధైర్యం లేక ముందటికి పోయిండట. తీరా గుట్ట ఎక్కి చూస్తే క్యాంపు ఖాళీ, హారిస్ ముందే పోయిండు. నేను అతనికి ఎంత భయపడ్డనో అతను నాకు గంత భయపడ్డడు, ఈ సంగతి నాకు అంతకుముందు తట్టలేదు, ఇగ యుద్ధం అయిపోయేదాక మర్చిపోలేదు అని రాస్తడు. ఒక జనరల్ ఇది ఒప్పుకొని రాసుడు చిన్న విషయం కాదు.

ఇంకోటి షైలో యుద్ధం. 1862 ఏప్రిల్‌ల అక్కడ గ్రాంట్‌ను ఎదుటోళ్లు ఏమరపాటున పట్టుకున్నరని పేపర్లు రాసినయి, ఒకవేళ వాళ్ల జనరల్ సచ్చిపోకపోతే, ఒకవేళ ఇంకో గంట పొద్దుంటే అని ఏండ్ల తరబడి వాదించిండ్రు. గ్రాంట్ దానికి ఎక్కిరించుకుంట జవాబు చెప్తడు: మేం కాల్చిన గుండ్లన్నీ గాల్లకు పోయి, వాళ్లు కాల్చినయన్నీ మాకు తగిలి ఉంటే మేం ఓడిపోదుమే, అండ్ల డౌట్ లేదు. ఇది చదివి బస్సుల గట్టిగ నవ్విన. పక్క సీటు పెద్దమనిషి ఏమైందని చూసిండు, చెప్పిన, ఆయన నవ్వలే. నిజానికి కోప్పడుకుంట రాసిన మాట అది, ఇరవై మూడేండ్ల తర్వాత కూడ ఆ మచ్చ ఆయనకు మానలే. జనరళ్లు పుస్తకాలెందుకు రాస్తరో ఆ ఒక్క పేరాలో దొరుకుతది. ఓడినోడు ‘ఒకవేళ’ అని రాస్తడు, గెలిచినోడు ‘ఒకవేళ’ లేదని రాస్తడు.

ఇక అందరూ చెప్పుకునే ముచ్చట, 1865 ఏప్రిల్ 9, అపోమాటక్స్‌ల దక్షిణాది జనరల్ లీ గ్రాంట్‌కు లొంగిపోయిన రోజు. లీ కొత్త యూనిఫాం ఏసుకొని కత్తి కట్టుకొని వచ్చిండు, గ్రాంట్ సిపాయి కోటుతో వచ్చిండు. ఇద్దరు పాత మెక్సికో యుద్ధం నాటి కబుర్లు చెప్పుకుంట కూసుంటే, ఎందుకొచ్చినమో మర్చిపోయేంత పని అయిందంటడు గ్రాంట్. తర్వాత, మీ వాళ్ల గుర్రాలు కంచరగాడిదలు వాళ్లనే తీసుకపోనీ, సాగు చేసుకోవాలె గద, అవి లేకపోతే వచ్చే చలికాలం గడవదు అని ఒప్పుకున్నడు. ఎద్దు లేనోని ఎవుసం ఎట్లుంటదో ఎరుకైన ఊరోళ్లం కాబట్టి ఈ జాగల మనసు కరుగుతది, నాకైతే కరిగింది.

కరిగింది గనీ, ఒక్క రోజు ఆగి ఆలోచిస్తే వేరే అనిపించింది. వాళ్లిద్దరు ఎదురెదురు సైన్యాల వాళ్లే, గనీ ఒక్క బడిల చదువుకున్నోళ్లు. పైస్థాయిల ముఖపరిచయం ఉంటే మర్యాద వస్తది. కింద, ఊర్ల, ముఖపరిచయం ఉంటే ఏమొస్తది?

నాయనమ్మ తాగని నీళ్లు

మా ఊరు సూర్యాపేట దిక్కు, మూసీకి దగ్గర. మా నాయనమ్మకు రజాకార్ల, అంటే నిజాం దిక్కు తుపాకి పట్టినోళ్ల, జమానాల పదిహేనేండ్లుంటయేమో, ఇంకా అత్తగారింటికి కూడ పోలే, అదే ఊర్ల సంబంధం. ఆమె దాన్ని అంతర్యుద్ధం అనలే, సాయుధ పోరాటం అని కూడ అనలే, "ఆ గడ్బడిల" అనేది. ఆ గడ్బడిల వాళ్ల అన్న సంగంల, అంటే దొరల మీద, నిజాం మీద కొట్లాడే కమ్యూనిస్టుల జట్టుల, తిరిగెటోడు. నాయనమ్మ పని బువ్వ. జొన్న గట్క కుండల పోసి, మూతికి గుడ్డ కట్టి, దాన్ని సొప్ప మోపుల నడుమ పెట్టి, నెత్తిన పెట్టుకొని బాయి కాడికి పోవుడు, అక్కడ దించి ఇంకో మోపు ఎత్తుకొని వచ్చుడు. ఎవరు తిన్నరో ఆమె చూడలే. మర్నాడు కుండ కడిగి బోర్లించి ఉండేదట. "మంచిగ కడిగెటోళ్లు" అని మాత్రం చెప్పేది, అదొక్కటే వాళ్ల గురించి ఆమె ఇచ్చిన సర్టిఫికెట్.

ఒక రాత్రి రజాకార్లు వచ్చి నేరుగ వాళ్లింటికి వచ్చిండ్రు. వాళ్లు ఊరికి కొత్త. దీపం లేని ఊరు. మూడు ఇండ్లు దాటుకొని, యాపచెట్టు ఎనక ఉన్న ఇంటికి వచ్చి, గడ్డివాము దగ్గరికే పోయిండ్రు. అన్నను పట్టుకపోయిండ్రు, నాలుగు రోజులకు వదిలేసిండ్రు, కుడికాలు తిన్నగ కాలే. తర్వాత 1948 సెప్టెంబర్ అయింది, యూనియన్ మిల్ట్రీ వచ్చింది, నిజాం దిగిపోయిండు, అందరు సంబురపడ్డరు. ఏడాది తిరగకముందు మిల్ట్రీ క్యాంపు వాళ్లు సంగపోళ్ల కోసం ఊర్లెకొచ్చి మళ్ల అదే ఇంటికి, మళ్ల యాపచెట్టు ఎనకకే వచ్చిండ్రు.

సర్కారు మారింది, తుపాకి మారింది, ఇల్లు చూపిన చెయ్యి మాత్రం మారలే.

ఎవరని ఆమె ఎప్పుడు చెప్పలే. మేం చిన్నప్పుడు ఎన్నిసార్లు అడిగినా "ఎవరో" అనేది. నాకు ఎట్ల తెల్సిందంటే, నేను ఇంటర్‌ల ఉన్నప్పుడు ఊర్ల ఒక పెండ్లి. నాయనమ్మ కొత్త చీర కట్టుకొని వచ్చింది, పిల్లకు కట్నం చదివించింది, అక్షింతలేసింది, ముసలామెలతోని కూసొని నవ్వింది. ఎండకాలం, గ్లాసుల నీళ్లు తిప్పుతున్నరు, ఆమె వద్దన్నది. బువ్వకు పిలిస్తే కడుపుల బాగలేదన్నది. ఇంటికొచ్చి అరుగు మీద కూసొని చెంబెడు నీళ్లు గటగట తాగింది. ఆ తర్వాత గమనించుడు మొదలువెట్టిన. ఆ ఇంట్ల చావుకు పోయేది, పుట్టుకకు పోయేది, నీళ్లు మాత్రం తాగేది కాదు. యాభై ఏండ్లు.

ఒక్కసారి, ఆఖరి రోజులల్ల, నేనే ఆ ఇంటి పేరు ఎత్తి, వాళ్లది నిజాం పార్టీ ఉండెనా నాయనమ్మా అని అడిగిన. ఆమె అన్న మాట ఇది: "వానికి నిజాం తెల్వదు, నెహ్రూ తెల్వదు. చింతచెట్టు తెల్సు." రెండు చెల్కల నడిమి గట్టు మీద చింతచెట్టు. కాయలు ఎవరియి అనే పంచాయితీ, గడ్బడి కంటే పదేండ్ల ముందటిది.

ఇక చూడండి, జనరళ్ల పుస్తకాలల్ల చింతచెట్టు ఉండదు. ఉండలేదు కూడ. ఆపరేషన్ పోలో, అంటే హైదరాబాద్ మీదికి యూనియన్ మిల్ట్రీ వచ్చుడు, 1948 సెప్టెంబర్ 13న మొదలై 17కు అయిపాయె, 18న నిజాం సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ చౌధురికి లొంగిపోయిండు, సికింద్రాబాద్‌ల తీసిన ఆ ఫోటో మీరందరు చూసిందే. జనరల్ యుద్ధం అయిదు రోజులు. నల్లగొండ యుద్ధం 1946ల దొడ్డి కొమరయ్య కడవెండిల గుండు తగిలి సచ్చిపోయిన నాటి సంది 1951 అక్టోబర్‌ల పోరాటం ఆపేద్దామని కమ్యూనిస్టు పార్టీ నిర్ణయం తీసుకునే దాకా, అంటే అయిదేండ్లు. అటు మరాఠ్వాడ దిక్కు ఆ అయిదు రోజుల తర్వాత ముస్లింల మీద జరిగిన దారుణాలు ఢిల్లీ సర్కారు పంపిన సుందర్‌లాల్ కమిటీ రాసి ఇచ్చింది, తక్కువల తక్కువ ఇరవై ఏడు వేల నుంచి నలభై వేల మంది అని అంచనా కట్టింది, ఆ రిపోర్టు ఏండ్లకేండ్లు బయటికి రాలే. అక్కడ కూడ ఇల్లు చూపినోళ్లు ఉండి ఉంటరు గద. వాళ్లు మన సైడు వాళ్లు, అందుకే మనం అడగం.

మరి మనోళ్లు రాసుకున్న పుస్తకాలు? నిజాం ప్రధాని లాయక్ అలీ 1962ల రాసుకున్నడు, ఢిల్లీ ఏజెంటుగ వచ్చిన మున్షీ 1957ల రాసుకున్నడు, ఎల్ ఎద్రూస్‌ది ఆయన పోయిన మూడు పదుల ఏండ్లకు 1994ల అచ్చయింది, పుచ్చలపల్లి సుందరయ్య 1972ల రాసిండు. పక్కపక్కన పెట్టి చదివితే ఒకే పొలం మీద నలుగురు దాఖలు చేసిన నాలుగు పహాణీలు చూసినట్టుంటది. సుందరయ్య పుస్తకం మీద మాత్రం ఒక మాట ఒప్పుకోవాలె, అండ్ల ఊర్లు ఉన్నయి, పేర్లు ఉన్నయి, జనరళ్లకు లేని ఓపిక ఆయనకుంది. అయినా ఇల్లు చూపినోని కాడికొచ్చేసరికి ద్రోహి అనే మాటతోని ముందటికి పోతది. ద్రోహి ఎట్లయిండో, ఎక్కడి కోపమో, అక్కడ ఆగేంత తీరిక పోరాటం నడిపినోనికి ఉండదు కావచ్చు.

గోనెసంచి

మా కాలనీల ఒక రిటైర్డు హవల్దారు ఉన్నడు, బాబాయి అంట. పొద్దున పానగల్లు చెరువు, అదే ఉదయసముద్రం కట్ట మీద ఇద్దరం నడుస్తం. 1987ల శ్రీలంకకు పోయిన మన శాంతిసేనల ఆయన ఉండె. ఆ యుద్ధం మీద కొలంబోల మన హైకమిషనర్‌గ చేసిన దీక్షిత్ ఒక పుస్తకం రాసిండు, సైన్యాన్ని నడిపిన హర్‌కీరత్ సింగ్ ఇంకోటి రాసిండు, తప్పు ఎవరిదనే కాడ రెండూ కలవవు. నేను ఆ గొడవంత బాబాయికి చెప్పుకుంట నడుస్తుంటే ఆయన ఒక్క మాట అన్నడు: "అవి పెద్దసార్లు పెద్దసార్లకు రాసుకున్న ఉత్తరాలు బిడ్డా."

మరి నీ యాదుల ఏముంది బాబాయ్ అంటే చాన దూరం మాట్లాడలే. తూము దాటినంక మొదలుపెట్టిండు. యూనిట్ల పంజాబు వాళ్లు ఎక్కువ, తమిళం ముక్క రాదు, తెలుగోడు కాబట్టి ఈయనకు ఎంతో కొంత ఎక్కిందని ఎక్కడికి పోయినా ముందట నిలబెడుతుండ్రి. ఎల్టీటీఈ టైగర్ల కోసం ఊరును చుట్టేసి మగోళ్లందరిని గ్రౌండుల వరుసగ కూసోబెడుతరు. జీపుల ఒక మనిషి ఉంటడు, నెత్తి మీది సంది నడుం దాకా గోనెసంచి తొడిగి, కండ్ల కాడ రెండు బొక్కలు. ఒక్కొక్కడు జీపు ముందటికెళ్లి నడుస్తడు. సంచి ఊరుకుంటే పో. సంచి తల ఊపితే ఆగు. అంతే. ఆ సంచిలోనోన్ని అక్కడోళ్లు తలయాట్టి అనెటోళ్లట, తల ఆడించేటోడు అని. "ఆ సంచిలోనుంచి చెమట వాసనొస్తుండె బిడ్డా, నాకంటె ఎక్కువ వాడే వణుకుతుండె. ఒకసారి ఒక పిలగాడు ముందటికొచ్చి ఆగి, ఆ సంచిని పేరు పెట్టి పిలిచిండు." తర్వాత ఏమైందని అడిగిన. పొద్దెక్కుతుంది పోదాం పా అన్నడు.

శాంతిసేన వెయ్యి మందికి పైగ సిపాయిలను పోగొట్టుకొని 1990 మార్చిల తిరిగొస్తే మద్రాసుల స్వాగతానికి ముఖ్యమంత్రి కూడ రాలే. బాబాయికి ఆ బాధ ఉంది, అది మస్తుసార్లు చెప్పిండు. గోనెసంచి సంగతి మాత్రం ముప్పై ఏండ్లల్ల ఇంట్లోళ్లకు కూడ చెప్పలేదట.

ఇదంత విని నేను అనుకునేది ఏందంటే, సైన్యం వాళ్లు రాసే యాదులల్ల ఇల్లు చూపినోడు లేకపోవుడు అబద్ధం కాదు, వాళ్లకు అతను నిజంగనే ఒక గోనెసంచి. ముఖం ఉండేది ఊరోళ్లకే.

జరగని యుద్ధాలల్ల

ఇప్పుడు కల్పన దిక్కు వస్త. ఈ జాతిల ఎక్కువ పుస్తకాలు మ్యాపుల పిచ్చి పుస్తకాలు. లీ గెటిస్‌బర్గ్‌ల గెలిచి ఉంటే అని చర్చిల్ కూడ ఒక వ్యాసం రాసిండు, తెలివైన వ్యాసమే, లీ గెలిచిన లోకంల కూసొని లీ ఓడి ఉంటే ఎట్లుండునో అని ఊహిస్తడు. చదివినంతసేపు మజా. అయిపోయినంక అండ్ల ఒక్క మనిషి ఇల్లు కూడ యాదికుండదు, ప్రధానులు, ప్రెసిడెంట్లే ఉంటరు. మన వాట్సాప్‌ల కూడ సెప్టెంబర్ 17 వస్తే ఇదే ఆట. 1948 జూన్‌ల మౌంట్‌బాటన్ ముందట పెట్టిన ఒప్పందానికి నిజాం సరే అని ఉంటే ఏమవుతుండె అని మా పెద్దనాయన కొడుకు ప్రతి ఏడు మొదలుపెడుతడు, రాత్రి దాకా నడుస్తది. ఆ దినానికే పేరు కుదరలే మనకు, విమోచన అనెటోళ్లు, విలీనం అనెటోళ్లు, విద్రోహం అనెటోళ్లు, సర్కారు మారితే ఇంకో పేరు. పేరు కుదరని దాని మీద ‘ఒకవేళ’లు మాత్రం దండిగ.

ఒమర్ ఎల్ అక్కాద్ 2017ల రాసిన ‘అమెరికన్ వార్’ అట్లాంటిది కాదు. 2074ల మొదలయ్యే రెండో అమెరికా అంతర్యుద్ధం, పెట్రోలు డీజిలు నిషేధం మీద దక్షిణాది విడిపోవుడు, ఇవన్నీ ఉన్నయి గనీ అసలు కథ ఒక శరణార్థుల క్యాంపుల పెరిగే పిల్ల. కైరోల పుట్టి, ఖతర్‌ల పెరిగి, అఫ్ఘానిస్తాన్ గ్వాంటనామో వార్తలు రాసిన జర్నలిస్టు ఆయన. అంటే అది ఊహ కాదు, ఎవరెవరి ఊర్లల్లనో జరిగింది మూటగట్టి అమెరికాకు తెచ్చి దించిండు. కల్పన అని అట్ట మీద ఉంది గనీ లోపల యాదులే. అదే షైలో మీద వాదించిన జనరళ్ల పుస్తకాలు చూస్తే యాదులని అట్ట మీద ఉంటది, లోపలంత ఒకవేళ, ఒకవేళ.

మా వాడు చూసిన సినిమా నేను ముందే చూసిన. మొదటిసారి నాకు చిరాకొచ్చింది. టెక్సాస్, కాలిఫోర్నియా ఒక్క పార్టీ అట, ఎందుకు కలిసిండ్రో చెప్పడు, యుద్ధం ఎందుకొచ్చిందో చెప్పడు. కారణం చెప్పనోడు కథెందుకు చెప్తున్నడు అనిపించింది. గనీ అండ్ల పెట్రోలు బంకు సీను ఒకటుంది. విలేకర్లు పెట్రోలు కోసం ఆగుతరు, మూడు వందల డాలర్లు ఇస్తమంటే దానికి శాండ్‌విచ్ వస్తది అంటరు, కెనడా డాలర్లు అనేసరికి ఒప్పుకుంటరు. ఆ రేటు ఒక్కటే దేశం ఎట్లున్నదో చెప్తది. పక్కన కారు కడిగే షెడ్డుల ఇద్దరిని రక్తం కారంగ వేలాడదీసిండ్రు. కాపలా ఉన్న పిలగాడు ఒకన్ని చూపించి, వీడు నేను ఒకే హైస్కూలు, నాతోని పెద్దగ మాట్లాడకపోయేది అంటడు.

ఆ మాట విన్నంక రిమోటు పక్కకు పెట్టిన. ఇదే. చింతచెట్టు ఇదే. ఆ దర్శకునికి కారణాలు తెల్వక కాదు కావచ్చు, బడిల మాట్లాడకపోయిన కోపం దేశమంత పెద్దగైనప్పుడు ఏం జరుగుతదో అది చాలనుకున్నడు.

నాకే ఉన్న డౌట్లు

అట్లని మొత్తం చింతచెట్టు మీదికి నూకేస్తే అది కూడ తప్పే. నా దోస్తు ఒకడు, లెక్చరరు, ఈ మాటంత విని గట్టిగనే తిట్టిండు. "అంటే వెట్టి లేదా? దొర గడి లేదా? మీ నాయనమ్మ అన్న ఊకెనే సంగంల చేరిండా?" అన్నడు. ఊకెనే చేరలే. వెట్టి లేకపోతే సంగం లేదు, సంగం లేకపోతే రజాకార్లు మా ఊరికి వచ్చే పనే లేదు. పెద్ద కారణమే తుపాకిని ఊర్లెకు తెచ్చింది. ఎవరి ఇంటి దిక్కు తిరగాల్నో మాత్రం చింతచెట్టు చెప్పింది. రెండూ కావాలె. గ్రీసు అంతర్యుద్ధం మీద ఊరూరు తిరిగి పనిచేసిన స్టాతిస్ కాలివాస్ అనే ప్రొఫెసరు 2006ల ఈ మాటనే పెద్ద పుస్తకంగ రాసిండు, నాయనమ్మ నాలుగు మాటలల్ల చెప్పింది.

ఇంకో డౌటు, సిపాయి అయినోడు రాయలేడని నేనన్నది పూర్తిగ నిలబడదు. ఇంగ్లీషు రచయిత జార్జ్ ఆర్వెల్ రాసిండు గద. స్పెయిన్ అంతర్యుద్ధానికి పోయిన పరాయి దేశపోడు, 1938ల పుస్తకం వేసిండు. చలికాలం కందకంల ముఖ్యమైనవి అయిదు, కట్టెలు, బువ్వ, పొగాకు, కొవ్వొత్తులు, ఆఖరికి శత్రువు అంటడు. వీళ్ల దిక్కు నుంచి ఒకడు మెగాఫోన్ పట్టుకొని ఎదుటోళ్లకు, మేం వెన్న రాసిన వేడి రొట్టెలు తింటున్నం అని ఒర్రుతుంటడు, ఉత్తదే, వీళ్లకూ లేవు, వినేటోళ్లకే కాదు ఒర్రెటోనికి కూడ నోరూరుతుంటది. గొంతుల గుండు తగిలి బతికి బార్సిలోనాకు వచ్చేసరికి తన పార్టీనే నిషేధించిండ్రు, తన సైడు పోలీసులే తన కోసం వెతుకుతున్నరు. హోటల్ రూంల గోడలు కొట్టి చూసిండ్రు, కాగితాలన్నీ తిప్పి చూసిండ్రు, మంచం మీద ఆయన భార్య పండుకొని ఉంటే లేవమని అడగలే, మంచం వెతకలే. ఒక ఆడమనిషిని మంచం మీదికెళ్లి లేపుడు బాగుండదని ఆగిపోయిండ్రు. ఇల్లు వెతికేటోనికి కూడ ఒక గీత ఉంటదని ఇట్లాంటి పుస్తకంలనే తెలుస్తది, గ్రాంట్‌ల దొరకది, మ్యాపుల నవలలల్ల అసలే దొరకది.

మూడోది ఆడోళ్ల యాదులు. 1986ల స్త్రీశక్తి సంఘటన వాళ్లు తెలంగాణ పోరాటంల ఉన్న ఆడోళ్ల దగ్గరికి పోయి వాళ్లు చెప్పింది చెప్పినట్టు వేసిన ‘మనకు తెలియని మన చరిత్ర’ నా దగ్గర ఉంది, అట్ట ఊడిపోయింది. అండ్ల పసిబిడ్డను ఎవరికో ఇచ్చేసి దళంతోని నడిచిన తల్లి మాట చదివినంక నేను రెండ్రోజులు ఏ పుస్తకం ముట్టలే. వాళ్లెవరు గెలిచినమని రాయలే, ఒకవేళ అని రాయలే. బువ్వ ఎవరు వండిండ్రు, ఎవరు తలుపు తీసిండ్రు, ఎవరు తియ్యలే. నేను వెతికేది ఇదే అయితే, ఇంత దూరం అమెరికా పోయి ఎందుకు వెతికిన అని నా మీద నాకే కోపమొచ్చింది. ఒక కారణం తెల్సు. అమెరికా ఇల్లు ఎవరు చూపినా నాకు పోయేదేం లేదు. వాళ్లింటి పెండ్లికి నేను పోవాల్సిన పని లేదు.

అందుకే తెలుగుల 1948 మీద ‘ఇట్ల కాకుండ అట్ల జరిగి ఉంటే’ అనే నవల నా కంటపడకపోవుడు నాకు వింత అనిపించదు. రాస్తే ఊర్లు రాయాలె, ఊర్లు రాస్తే ఇండ్లు రాయాలె. ఇండ్లు ఇంకా అక్కడనే ఉన్నయి.

పోయిన ఆదివారం మా వాడు వాళ్ల అమ్మమ్మ ఇల్లు చూస్తనంటే బండి మీద ఊరికి తీసుకపోయిన. నాయనమ్మ పుట్టిన ఇల్లు కూలిపోయింది, యాపచెట్టు మొదలు ఉంది. వాడు ఫోన్‌ల ఫోటోలు తీసుకుంట, కథంత మళ్ల చెప్పించుకున్నడు, కుండ సంగతి రెండుసార్లు అడిగిండు. వచ్చేటప్పుడు మూలమీది ఇంటి అరుగు మీద ముసలాయన కూసొని ఉండె, మా నాయన ఈడోడు. నన్ను గుర్తుపట్టి "ఏం రా, గింత దూరం వచ్చి ఇంట్లకు రాకుండ పోతున్నరు, చాయ్ తాగి పోండ్రి" అని కేకేసిండు. ఆయన అప్పటికి పుట్టి కూడ ఉండడు. కూసున్నం. మనుమరాలు స్టీలు గ్లాసులల్ల నీళ్లు తెచ్చింది. మా వాడు ఒక్క గుక్కల తాగేసి గ్లాసిచ్చిండు. నేను గ్లాసు పట్టుకొని కొంచెం సేపు మాట్లాడిన, వానల గురించి, పత్తి రేటు గురించి. తర్వాత తాగిన.

ఊరు దాటినంక ఎనక నుంచి వాడు "మామా, గంతకీ ఏ ఇల్లు అది? చూపియ్యకపోతివి" అన్నడు.

హెల్మెట్ల సరిగ వినపడలేదన్నట్టు గేరు మార్చిన.